తెల్లెద్దు వీపు మీది నునుపు

మొన్న మా అమ్మాయి, గాలితో రంగు చిమ్మే ఎయిర్‌బ్రష్ కోసం రంగుల సీసాలు తెప్పించుకుంది. పల్చన చేయడానికి థిన్నరు కలపనక్కర లేదట, మూత తీసి పోసుకోవడమేనట. ఒక సీసాను వెలుగుకు పట్టి వంచి చూస్తుంటే, ఎమ్మిగనూరులో మగ్గం వదిలి ఆదోనిలో మేనమామ రేకుల షెడ్డులో ట్రాక్టరు ట్రాలీలకు ఎయిర్‌బ్రష్‌తో బొమ్మలు వేయడానికి చేరిన రోజులు గుర్తుకొచ్చాయి.

మన ఈడు వాళ్లకు తెలుసు, ఎనామిల్ రంగు ఆరేలోపు జిన్నింగు మిల్లుల దూది నూగంతా వచ్చి దానికి అంటుకునేది. అందుకని చిటికెలో ఆరే లారీ రంగు ఎంచుకున్నాను. లెక్కంటే మొదటినుంచీ ఇష్టం గనుక సిరంజితో కొలిచి, ఒక పాలు రంగుకు రెండు పాళ్లు థిన్నరని, ఇంటి దగ్గర చల్లని పొద్దునపూట తేల్చుకున్నాను.

అంతలో ఎద్దుల జతను అమ్మి ట్రాక్టరు కొన్న పెద్దకడుబూరు రైతొకాయన, ట్రాలీ వెనక రేకు మీద తన తెల్లెద్దును వేయమని వచ్చాడు. ఇది చెడితే మళ్లీ మగ్గం గుంతలోకే పొమ్మన్నాడు మామ. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం నా లెక్క ప్రకారమే కలిపి కొట్టాను. రంగు గాలిలోనే ఆరి, రేకు మీద పిండిలా రాలింది. రైతు అరచేయి వేసి చూశాడు.

“ఇదేందప్పా, గోడకు సున్నం కొట్టినట్లుంది! నా ఎద్దు వీపున చెయ్యేస్తే జారిపోతాండె.”

“నేసేటోడు గదన్నా, ఇస్త్రీ చేస్తాడులే,” అన్నాడు మామ.

తలెత్తలేకపోయాను గానీ షెడ్డు మాత్రం వదల్లేదు. నా లెక్కలో ఎండ లేదు, అంతే. ఆ పిండినంతా గీకేసి, మెల్లగా ఆరే థిన్నరు తెచ్చి, కొంచెం కొంచెంగా పెంచుతూ పాత రేకు ముక్క మీద కొట్టి చూశాను. ఎక్కువైతే కన్నీళ్లలా కారేది, తక్కువైతే గరుకు తేలేది. మూడు పాళ్ల దగ్గర, బ్రష్‌ను రేకుకు బాగా దగ్గరగా పట్టినప్పుడు, నునుపు వచ్చింది. ఆ పాళ్లతోనే ట్రాలీ మీద ఎద్దును మళ్లీ వేశాను.

మరునాడు రైతు వచ్చి, బొమ్మను మెడ నుంచి తోక దాకా నిమిరాడు.

“కాడి రాసుకొని మూపురం కాడ మచ్చ ఉండె. అదీ పెట్టప్పా.”

ఆ తర్వాత మామ నా దగ్గర మగ్గం మాటెత్తలేదు.

ఇప్పుడు ట్రాలీలకు స్టిక్కర్లు అంటించేస్తున్నారు. నునుపులో వాటికి నేను వంక పెట్టలేను. మచ్చ ఎక్కడుండాలో చెప్పగలిగిన వాళ్లే, ఎద్దులతోపాటు, ఊళ్లలో ఒక్కొక్కరుగా తగ్గిపోతున్నారు.