అడ్డం పెట్టిన చెయ్యి

మా ఫ్రెండ్ వాళ్ళ అత్తగారిని శాన్ రామన్ నుంచి బీచ్‌కి నేనే తీసుకెళ్లాను. పక్క సీట్లో కూర్చుని, నేను బ్రేక్ వేసినప్పుడల్లా నా ముందు చెయ్యి అడ్డం పెట్టేవారు ఆవిడ.

"బెల్ట్ ఉంది కదా ఆంటీ!" అంటే, "బెల్టుకేం తెలుసమ్మా, నువ్వెవరి పిల్లవో," అనేవారు.

ఇద్దరు తెడ్లేసే చిన్న కయాక్ పడవ ఎక్కుతానని ఆవిడే పట్టుబట్టారు. ఈత రాదు. కోడలి ట్రాక్ ప్యాంటు మీద లైఫ్ జాకెట్ బిగించుకుని నా వెనక కూర్చున్నారు. ఒడ్డుకి తిరిగొస్తుంటే ఒక అల మమ్మల్ని పైకెత్తింది. అంతే, ఆవిడ తెడ్డు వదిలేసి రెండు చేతులా నన్ను వాటేసుకున్నారు. పడవ బోల్తా కొట్టింది.

ఉప్పునీళ్లు మింగి లేచి నిలబడ్డాను. ఎదురుగా ఆవిడ లేరు. ఇంతలో వెనక నుంచి ఎవరో నా జాకెట్ లాగారు. దాని అంచు వదలకుండా, మోకాలి లోతు నీళ్లలో చతికిలబడి ఉన్నారావిడ.

"దెబ్బ తగల్లేదు కదమ్మా?" అన్నారు, నన్ను!

ప్రాణం లేచొచ్చింది. నేనూ అక్కడే కూలబడి, నవ్వు ఆపుకోలేకపోయాను.

తిరుగు ప్రయాణంలో రెడ్ సిగ్నల్ దగ్గర బ్రేక్ వేశాను. ఈసారి నా చెయ్యే ఆవిడకి అడ్డం వెళ్లింది.

"బెల్ట్ ఉంది కదమ్మా!" అన్నారావిడ, ఆ చెయ్యి గట్టిగా పట్టుకుని.