బాగన్ దాతుక్‌లో పాత కారవాన్ బేరం

శనివారం ఉదయం ఎనిమిదింటికి మా మలేషియాలోని క్లాంగ్ నుంచి కారులో బయలుదేరాం, నేనూ మా అమ్మాయి శాంతీ. పోర్ట్ క్లాంగ్ గోదాములో గుమాస్తా పని నెలాఖరుకు మానేస్తానని అది చెప్పేసింది. లారీ డ్రైవర్లకు టిఫిన్లు అమ్ముకోవాలని దాని కోరిక. అందుకు ఒక పాత కారవాన్ కావాలి, అంటే కారు వెనక తగిలించి లాక్కెళ్ళే చక్రాల గది. బాగన్ దాతుక్‌లో ఒకటుందని, అమ్మేది మన తెలుగువాడేనని వినగానే ఎగిరి గంతేసింది నేను. డబ్బు మాత్రం అది దాచుకున్నది.

ఆ దారిన వెళ్ళేవాళ్ళు సబక్ బెర్నామ్‌లో ఆగండి. రొట్టి చనాయ్, అంటే పొరల పరోటా, వేడిగా దొరుకుతుంది, పెట్రోలూ అక్కడే పోయించుకోవచ్చు. తింటూ శాంతి ఫోను చూసి చెప్పింది.

"ముందు మూలల్లో గోడ నొక్కాలంట నాన్నా. మెత్తగుంటే లోపల చెక్క కుళ్ళినట్టే."

"మనోళ్ళు మోసం సేస్తారేటి?" అన్నాను.

పదకొండు దాటాక చేరాం. కొబ్బరితోట పక్కనే ఇల్లు. బండి అమ్మే అప్పలనాయుడు గారు గేటు దగ్గరే నా చేతులు పట్టుకున్నారు. ఇద్దరి తాతలదీ శ్రీకాకుళం వైపేనని తేలేసరికి నన్ను బావను చేసేశారు. శాంతి బండి చూద్దామంది.

"బండి ఏటి పారిపోద్దా తల్లీ? ముందు తినండి లా!" అన్నారాయన, మాట చివర ఇక్కడి మలయ్ వాళ్ళ "లా" తగిలించి.

పీతల కూర, రొయ్యల వేపుడు. ఆయన భార్య కొసరి కొసరి వడ్డించింది. నేను మారు కూడా పెట్టించుకున్నాను.

తర్వాత బండి చూశాం. తెల్లటి కొత్త రంగు, లోపల నిమ్మవాసన. శాంతి వంగి లోపలి మంచం వెనక గోడ మూల నొక్కింది. వేలు లోపలికి దిగింది.

"కొత్త రంగు కదా, ఇంకా ఆరలేదు," అన్నారాయన నావైపు చూస్తూ.

వాళ్ళింట్లో తిని అప్పుడే చెయ్యి కడుక్కున్నవాణ్ణి. "సాల్లే! పెద్దోళ్ళ ఇంటికొచ్చి పోలీసోళ్ళలాగ ఏటది?" అని కూతుర్ని అందరి ముందూ గదిమాను. దాని మొహం కందిపోయింది. ఫోను తీసి మొత్తం డబ్బు పంపేసింది. బండిని సోమవారం లారీ మీద పంపిస్తానన్నారాయన.

రెండున్నరకు తిరుగుప్రయాణం. వాన పట్టుకుంది. సబక్ బెర్నామ్ దగ్గరపడుతుండగా అడిగాను, కోపమొచ్చిందా అని.

"లేదు నాన్నా. కానీ ఆ గోడ కుళ్ళిపోనాది. నాకు తెలుసు."

"తెలిసి డబ్బు ఏటికిచ్చినావు?"

"వాళ్ళ కూడు తిన్నావు కదా. నేను వద్దంటే నీ మొగం ఎక్కడ పెట్టుకుంటావు?"

సిగ్గుతో చచ్చిపోయాను. కారు పక్కకు ఆపాను. వెనక్కి తిప్పితే గంటలోపే వాళ్ళ గుమ్మంలో ఉంటాం. ఏమని అడగాలో లోపల అనుకుని చూశాను. "బావా" దగ్గరే ఆగిపోయాను. మళ్ళీ క్లాంగ్ వైపే పోనిచ్చాను.

బాగన్ దాతుక్ చక్కని ఊరు, రోడ్డు బాగుంది. పాత బండి కొనడానికి వెళ్ళేవాళ్ళు మాత్రం మంచినీళ్ళు కూడా ముట్టకుండా ముందు గోడలు నొక్కండి. నాలాంటి మొహమాటస్తుణ్ణి వెంట తీసుకెళ్ళకండి.

కువాలా సెలాంగోర్ దాటాక శాంతి గోదాము మేనేజరుకు ఫోన్ చేసింది. పని మాననని, తన చోట్లో వేరెవర్నీ పెట్టుకోవద్దని మలయ్‌లో బతిమాలుతోంది. పక్కన నేను కారు నడుపుతూనే ఉన్నాను.