కాపా పిన్ని కిటికీలో కీరపాదు

కపితొలీనా అర్సెంత్యెవ్నా అన్న పూర్తి పేరు ఆమె పింఛను కాగితాల్లో తప్ప ఎక్కడా వినపడేది కాదు. మా బిల్డింగులో అందరికీ ఆమె కాపా పిన్ని. గని ఊళ్ళో పిల్లలబడి వంటింట్లో ఇరవై ఆరేళ్ళు పనిచేసింది. చలికాలమంతా పిల్లల సూపులో పడే ఉల్లికాడలు ఆమె ఇంటివే. నీళ్ళు పోసిన గాజుసీసాల మూతులమీద ఉల్లిగడ్డలు కూర్చోబెట్టి, కాడలు రాగానే కత్తిరించి పట్టుకెళ్ళేది.

రష్యా ఉత్తరపు కొసన ఉన్న మా వోర్కుతా చుట్టుపక్కల నేల నాలుగు జానలు తవ్వితే మంచుగడ్డ తగులుతుంది. అందుకే ప్రతి వేసవిలో దక్షిణాన వోలోగ్దా దగ్గరున్న చెల్లెలింటికి వెళ్ళి, తిరుగు రైల్లో ఒక బస్తా మట్టి తెచ్చుకునేది. "అందరూ బంగాళాదుంపలు మోస్తారు, నువ్వేంటమ్మా బురద మోస్తున్నావు?" అని రైల్లో టీ ఇచ్చే ఆవిడ ఏటా వేళాకోళం చేసేదట. ఆ మట్టిలో సోయికూర, పార్స్లీ, ఒక బకెట్లో కీరపాదు. సూర్యుడు కనపడని రోజుల్లో కిటికీకి అడ్డంగా ట్యూబులైటు కట్టేది. ఇంట్లోకి తేనెటీగలు రావు కనుక, చిన్న కుంచెతో మగపువ్వు పుప్పొడి తీసి ఆడపువ్వుకి తానే అద్దేది.

"నా పెళ్ళికి కూడా ఇంత తతంగం జరగలేదు" అనేవాడు ఆమె భర్త యెర్మొలాయ్ బాబాయ్.

"నీ పెళ్ళికి నువ్వు తాగి పడుకున్నావు. ఏం జరిగిందో నీకేం తెలుసు?" అనేది పిన్ని.

బాబాయ్ ముప్పై ఏళ్ళు బొగ్గు తవ్వాడు. ఆ ధూళి ఊపిరితిత్తుల్లో పేరుకుపోయి, ఆ చలికాలానికి మంచం నుంచి కిటికీ దాకా నడవాలన్నా మధ్యలో ఆగాల్సి వచ్చేది. తిండి సయించేది కాదు. ఏం తినాలనుందని అడిగితే "కీరకాయ, ఉప్పద్దుకుని" అన్నాడు. కొట్లోంచి కొనితెస్తే వాసన చూసి పక్కన పెట్టేశాడు. అప్పట్నుంచి పిన్ని ప్రాణమంతా ఆ పాదుమీదే. జనవరి మొదట్లో చిటికెన వేలంత పిందె పడింది.

సరిగ్గా అప్పుడే మా బిల్డింగు కింది అంతస్తులో, ఎవరూ లేని ఇంట్లో, వేడినీళ్ళ గొట్టం పగిలింది. గని మూతపడి అప్పటికే చాలా ఇళ్ళు ఖాళీ. మిగిలిన ఆరు కుటుంబాల కోసం బాగుచెయ్యడం దండగనుకున్నారు పైవాళ్ళు. రెండు రోజుల్లో నాలుగు వీధుల అవతలున్న బిల్డింగుకి మారిపొమ్మన్నారు. నేను బాయిలరు దగ్గర గొట్టాలు చూసే పనివాణ్ణి. ఆ కబురు ప్రతి తలుపూ తట్టి చెప్పింది నేనే.

"వేడి ఎప్పుడాపుతారు సవ్వా?" అంది పిన్ని.

"ఎల్లుండి పొద్దున, పిన్నీ."

"బయటెంతుంది?"

"సున్నాకి కింద నలభై ఒకటి."

ఆమె గిరుక్కున కిటికీవైపు తిరిగింది. మంచంమీంచి బాబాయ్ నవ్వబోయి దగ్గాడు. "చూశావురా? ముందు దానికే దుప్పటి కప్పుతుంది."

మారే రోజున లారీలో డ్రైవరు పక్కన ఇద్దరికే చోటుంది. బాబాయ్‌ని, ఆయన్ని పట్టుకోడానికి నన్ను ఎక్కించి, పాత దుప్పట్లు చుట్టిన బకెట్టు ఆయన మోకాళ్ళ మధ్య పెట్టింది పిన్ని. సోయికూర, పార్స్లీ కుండీలు మంచుబండిమీద సర్దుకుని, లాక్కుంటూ వెనకాల నడిచింది.

లారీ మమ్మల్ని కొత్త బిల్డింగు ముందు దించి, మరో కుటుంబం కోసం వెళ్ళిపోయింది. నేను జేబులు తడుముకున్నాను. వీధి తలుపు తాళంచెవి లేదు. ఆ పొద్దున నా సొంత టీవీ తెచ్చి లోపల పెట్టి, వచ్చేవాళ్ళ కోసం ఆ తలుపు తీసే ఉంచమన్న మాట మరిచి, అలవాటుగా తాళం వేశాను. చెవేమో బాయిలరు దగ్గర బల్లమీద ఉండిపోయింది. బాబాయ్‌ని మెట్లమీద నిలబెట్టి పరుగెత్తాను. వెళ్ళి రావడానికి పది నిమిషాలు పట్టింది.

వచ్చేసరికి ఆయన గొర్రెతోలు కోటు గుండీలన్నీ విప్పి, పాదును చొక్కాకి ఆనించి, రెండు చేతులతో పొదివి పట్టుకుని ఉన్నాడు. పెదవులు నీలంగా ఉన్నాయి. పిన్ని మలుపు తిరిగి వస్తోంది.

"తాళం గడ్డకట్టింది పిన్నీ" అన్నాను. బాబాయ్ నావైపు ఒకసారి చూశాడు.

ఆ సాయంత్రమే జ్వరం అందుకుంది. తొమ్మిదో రోజున పోయాడు. మంచుబండిమీద వచ్చిన కుండీలన్నీ చలికి మాడిపోయాయి. బకెట్లో పాదు మాత్రం నాలుగు ఆకులు రాల్చి నిలబడింది.

మనిషి పోయిన తొమ్మిదో నాడు పెట్టే భోజనాలు అయిన మర్నాడు పిన్ని నన్ను పిలిచింది. అరచేతంత కాయ. రెండుగా కోసి, ఉప్పు రాసి, ఒక ముక్క నా చేతిలో పెట్టింది. రెండోది తను కొరికింది.

"ఎలా ఉంది?"

అబద్ధం చెప్పలేకపోయాను. "నీళ్ళనీళ్ళగా ఉంది, పిన్నీ."

"అవును. కిటికీ కాయలు ఇలాగే ఉంటాయి. ఆయనకీ నచ్చేది కాదేమో." మిగిలిన ముక్క ఎంతోసేపు నములుతూ కూర్చుంది.

జూన్‌లో నేల మెత్తబడ్డాక, ఆ బకెట్టు మట్టీ, బస్తాలో మిగిలిన మట్టీ తీసుకెళ్ళి ఆయన సమాధిమీద పరిచింది. తర్వాత రెండు చలికాలాలు ఆమె కిటికీలో పంచదార డబ్బా తప్ప ఏమీ లేదు. మా ఆవిడ ఉల్లిగడ్డలు ఇవ్వబోతే, "అడిగేవాళ్ళు లేరమ్మా" అంది. నేను మాత్రం గొట్టాలు చూసే వంకతో వెళ్ళేవాణ్ణి. టీ ఇచ్చేది.

మూడో ఏడు ఆగస్టులో చెల్లెలి దగ్గరికి శాశ్వతంగా వెళ్ళిపోతుంటే స్టేషనుకి సామాను మోశాను. ఇక చెప్పకపోతే ఎప్పటికీ చెప్పలేనని, తాళం సంగతి బయటపెట్టాను.

"తెలుసు" అంది. "ఆ సాయంత్రమే చెప్పాడు. 'కుర్రాడు హడలిపోయాడు, వాడితో ఏమీ అనకు' అన్నాడు."

"ఇన్నాళ్ళూ ఒక్క మాట అనలేదే, పిన్నీ."

"చాలాసార్లు నోటిదాకా వచ్చింది. ఆయన వద్దన్నాడుగా, అందుకే ఆగాను."

రైలొచ్చింది. పెట్టె లోపల పెట్టి దిగాను. ఆమె అవతలివైపు కిటికీ దగ్గర కూర్చుంది. బండి కదిలేదాకా ఇటు తిరగలేదు.