తూర్పు బావి మోటరుకు పెట్టిన పేరు

దయ్యాల మాట ఎత్తితే నవ్వే రకం నేను. మా అవ్వ దిష్టి తీసి ఎండుమిరపకాయలు నిప్పుల్లో వేస్తే దగ్గొచ్చి విసుక్కునేదాన్నే గానీ, ఏనాడూ భయపడింది లేదు. కంప్యూటర్లతో బతికేదాన్ని. తప్పు ఎక్కడో ఒకచోట ఉంటుంది, ఓపిగ్గా వెతికితే దొరుకుతుంది అనుకుంటాను. ఈ ఒక్కటి మాత్రం ఎంత వెతికినా దొరకలేదు.

కడపలో ఒక చిన్న ఆఫీసులో ప్రోగ్రామర్ని. మైదుకూరు చుట్టుపక్కల ఊళ్ల తాగునీటి మోటర్లను ఆఫీసు నుంచే వేసి ఆపే ప్రోగ్రాము మాది. ఒక్కో మోటరును చూసుకోవడానికి ప్రోగ్రాము లోపల ఒక్కో చిన్న పని విడిగా నడుస్తుంటుంది. దాన్ని థ్రెడ్ అంటాం. మొదట్లో వాటికి పేర్లు లేవు, ఉత్త నంబర్లే. ఏదో ఒకటి బిగుసుకుపోయేది. సర్వర్లో ఏమేం నడుస్తున్నాయో చూపించే జాబితా తెరిస్తే అన్నీ ఒకేలా కనిపించేవి. ఏ ఊరికి నీళ్లు ఆగాయో తెలిసేది కాదు. ఊళ్లవాళ్ల తిట్లు మాత్రం టంచనుగా వచ్చేవి.

అందుకని పేర్లు పెట్టాను. ఆ జాబితాలో పదిహేను ఇంగ్లీషు అక్షరాలకు మించి చోటుండదు. ఊరూ వీధీ కలిపి రాస్తే పట్టదు. సరే, జనం పిలిచే పేర్లే పెట్టేద్దాం అనుకున్నాను. అటువైపు కొత్త మోటరు బిగిస్తే, చెయ్యి మంచిదని పేరున్న మనిషితో మొదటి స్విచ్ వేయిస్తారు. ఇక ఆ మోటరు ఆ మనిషి పేరుతోనే చెలామణి అవుతుంది. వీరమ్మ మోటరు, ఖాజా మోటరు, ఓబులేసు మోటరు.

ఓబులేసును నేను చూడలేదు. మా ప్రోగ్రాము రాకముందే పోయాడు. తూర్పు బావి మోటరుకు మొదటి స్విచ్ వేసింది ఆయనే. తర్వాత అదే బావిలోకి దిగి దాన్ని బాగుచేస్తుంటే, పైన ఎవరో చూసుకోకుండా స్విచ్ వేశారు.

ఒకరోజు ఆయన భార్య లక్ష్మీదేవమ్మను మా ఫిట్టర్ దస్తగిరన్న ఆఫీసుకు వెంటబెట్టుకొచ్చాడు. కూర్చోమన్నా ఆమె కూర్చోలేదు.

“మోటరు నిలిచిపోయినప్పుడల్లా మీ ఆఫీసోళ్లు ఫోన్ చేసి ఓబులేసు పడిపోయినాడు అంటాండారమ్మా. ఆ మాట నేను ఎన్నిసార్లు వినాల?” అంది.

ఆమె ముందే ఆ పేరు తీసేసి ‘తూర్పు బావి’ అని పెట్టి, ప్రోగ్రామును ఆపి మళ్లీ మొదలుపెట్టాను. ఆమెకు చదవడం రాదు. నా మాట నమ్మి, కొంగుతో కళ్లు తుడుచుకుని వెళ్లిపోయింది.

ఆ ఎండాకాలమే ఒక మధ్యాహ్నం దస్తగిరన్న తూర్పు బావికి పోయాడు. ఫ్యూజు పీకేసి దిగుతున్నానని ఫోన్ చేశాడు. ఫ్యూజు పీకితే ఇక ఆఫీసులో మేం చేసేదేమీ లేదు, అప్పటికి అదే పద్ధతి. కాసేపటికి ఆ ఊరికి నీళ్లు వదిలే వేళైంది. ప్రోగ్రాము తనంతట తానే మోటరుకు ఆర్డర్ పంపాలి. పంపలేదు.

జాబితా తెరిచాను. తూర్పు బావి థ్రెడ్ కదలకుండా ఎదురుచూస్తోంది. ఒక మోటరు పెత్తనం ఒకసారికి ఒక్క థ్రెడ్ చేతిలోనే ఉంటుంది. అప్పుడది ఇంకో థ్రెడ్ చేతిలో ఉంది. దాని పేరు ఓబులేసు.

నేనింకా ఆ పేరు వంక చూస్తుండగానే దస్తగిరన్న ఫోన్ వచ్చింది.

“అమ్మా, తప్పు ఫ్యూజు పీకినా. బావిది అట్లనే ఉండాది. మోటరు తిరిగింటే నేను లేను.” అంత మనిషి ఏడుస్తున్నాడు.

ప్రోగ్రామంతా గాలించాను. ఆ పేరు ఎక్కడా లేదు. పాత కాపీ ఏదైనా నడుస్తోందేమో చూశాను, లేదు. ఆఫీసులో అందరినీ అడిగాను, ఎవరూ ముట్టుకోలేదు. సర్వర్ని మొత్తం ఆపి వేసినా, ఓబులేసు మళ్లీ వచ్చి జాబితాలో కూర్చున్నాడు. ఈసారి మాత్రం ఏ మోటరునూ పట్టుకోకుండా ఊరికే ఉన్నాడు.

ఈ సంగతి దస్తగిరన్నకు చెప్పాను. అప్పట్నుంచి ఆయన ఏ బావిలోకి దిగబోయినా ముందు ఫోన్ చేసేవాడు.

“ఓబులేసన్న ఉండాడామ్మా?”

“ఉన్నాడు గానీ, ఫ్యూజు పీకన్నా.”

“ఆయప్ప ఉంటే ఫ్యూజుతో ఏం పనిలేమ్మా!” అని నవ్వేవాడు.

నాకు ఒళ్లు మండేది. తిట్టాను, బతిమాలాను. ఆయన ఫోన్ చేసినప్పుడల్లా ఇక్కడి నుంచి కూడా మోటరు ఆపిపెట్టేదాన్ని. రానురాను ఫోన్ చేయడం కూడా మానేశాడు. ఎలాగూ ఓబులేసు ఉంటాడు కదా అని ధీమా.

ఒకరోజు ఊరికే జాబితా తెరిచాను. ఓబులేసు లేడు. ఆ చోట దస్తగిరి అని ఉంది.

ఆ పేరుతో మాకు మోటరే లేదు. తన చెయ్యి మంచిది కాదని దస్తగిరన్న ఏనాడూ మొదటి స్విచ్ వేయలేదు. ఫోన్ చేశాను. మోగుతోంది, ఎత్తడం లేదు. మళ్లీ చేశాను. ఇక ఆలోచించకుండా ప్రోగ్రామునే ఆపేశాను. అది ఆగితే అన్ని మోటర్లూ ఆగిపోయేలా కట్టాం. ఒక్కో ఊరి నుంచి ఫోన్లు మొదలయ్యాయి. అవేవీ ఎత్తలేదు, ఒక్క ఆ మనిషి ఫోన్ కోసమే కూర్చున్నాను.

చాలాసేపటికి వచ్చింది. “అన్నీ ఎందుకాపినావమ్మా? ఊరోళ్లు నన్ను తింటాండారు!”

“ఎక్కడున్నావన్నా?”

“తూర్పు బావిలోనుంచి ఇప్పుడే ఎక్కినా.”

“ఫ్యూజు పీకినావా?”

“లేదమ్మా. ఓబులేసన్న ఉంటాడు గదా అని...” జాబితాలో ఎవరి పేరుందో చెప్పాను.

ఆ రోజుతో దస్తగిరన్న పని మానేశాడు. ఇప్పుడు మైదుకూరులో మోటర్ల రిపేరు షాపు పెట్టుకున్నాడు. పని మీద అటు వెళ్తే టీ తెప్పిస్తాడు. గ్లాసు నా చేతికిచ్చి, పక్కన ఎవరూ లేకుండా చూసి అడుగుతాడు.

“అమ్మా, నా పేరు ఆడ ఇంకా ఉండాదా?”

“లేదన్నా. ఆ రోజే పోయింది.”

ఆ మాట వింటే ఆయన ముఖం తేటపడుతుంది. మళ్లీ కలిసినప్పుడు మళ్లీ అడుగుతాడు, నేనూ అదే చెప్తాను.

ఇది రాసే ముందు కూడా జాబితా చూశాను. వీరమ్మ ఉంది, ఖాజా ఉన్నాడు, తూర్పు బావి ఉంది. వాటి కింద దస్తగిరి. పనేమీ చేయడం లేదు, ఎదురుచూస్తున్నట్టు చూపిస్తోంది. దేనికోసమో నాకు తెలియదు.