చెవి మేస్త్రీ సైకిలు ఎంచుకున్న వైనం

ఊరికి తాగునీరు కొండమీది జలాశయం నుంచి వస్తుంది. జలాశయానికీ ఊరికీ నడుమ నేలలో పాతిన పెద్ద ఇనుప గొట్టం ఒకటి ఉన్నది. ఆ గొట్టం వెంబడి నడుస్తూ, అది ఎక్కడ కారుతున్నదో చెవితో కనిపెట్టడం ఒక పెద్దమనిషి ఉద్యోగం. ఆయన అసలు పేరు హాజరుపట్టీలో తప్ప మరెక్కడా వాడుకలో లేదు. అందరికీ ఆయన చెవి మేస్త్రీయే.

ఆయన పనిముట్టు పొడవాటి ఇనుప కడ్డీ. దాని ఒక కొనకు చెక్క గిన్నె బిగించి ఉంటుంది. వాల్వు ఉన్న ప్రతిచోటా ఆగి, కడ్డీ మొనను ఇనుముకు ఆనించి, గిన్నెను చెవికి చేర్చి, ఊపిరి బిగబట్టి వినాలి. బాగున్న గొట్టం నోరు మెదపదు. కారే గొట్టం బుస్సుమంటుంది. బుస్సుమన్నచోట వాల్వు బిగించి, ఆఫీసుకు కబురు పంపి, తవ్వించాలి. ఆయన విద్య అంతటితో సమాప్తం. ఆ విద్యలోనే జుట్టు నెరిసింది, మోకాళ్లు అరిగాయి.

చెవులు మాత్రం చెక్కుచెదరలేదు. మొరాయించినవి మోకాళ్లే. పొద్దున్నే బయలుదేరిన మనిషి పొద్దుగుంకినా లైను ముగించలేక, సగం వాల్వులు వినకుండానే తిరిగి వస్తున్నాడు. ఈ సంగతి ఇంజనీరు గారి దాకా వెళ్లింది.

"కూర్చోండి మేస్త్రీ గారూ," అన్నాడు ఇంజనీరు. వయసులో చిన్నవాడు, మర్యాదస్థుడు.

"మీరు కూర్చోమంటేనే భయంగా ఉంది సార్."

"భయమెందుకండీ. ఆ కాలిబాట మీద మోటారుబండి పట్టదు కదా. మీకో మంచి కొండ సైకిలు కొనిద్దామని పైవాళ్లు ఒప్పుకున్నారు. ముందూ వెనకా కుదుపులు మింగే షాక్‌లు ఉన్నది. మరీ ఖరీదైంది కాదు, మధ్యరకం. ఏది కావాలో మీరే తొక్కి చూసుకోండి. ఆదివారంలోగా లైను పూర్తిగా తిరగగలనని చెబితే సరే."

"తిరగలేకపోతే?"

ఇంజనీరు బల్లమీద కాగితాలను సర్దుకున్నాడు. "పంపుహౌసులో కుర్చీ ఖాళీగా ఉందండీ. మోటార్లు తిరుగుతున్నాయో లేదో చూడటమే."

"ఆ మోతలో ఆర్నెల్లు కూర్చుంటే పక్కన పిడుగు పడ్డా నాకు వినబడదు సార్."

"అక్కడ వినాల్సిన పనేం లేదుగా," అన్నాడు ఇంజనీరు. మంచి మనసుతోనే అన్నాడు. ఆ మాటే మేస్త్రీ గుండెల్లో ముల్లులా దిగబడింది.

మరునాడు ఆయన కడ్డీ, పనిముట్ల సంచి సహా సైకిళ్ల షాపుకు వెళ్లాడు. బావమరిది వెంటబడి వచ్చాడు. అతడు దర్జీ; చేతిలో కత్తెర కంటే నోట్లో నాలుక పదును.

షాపు ఆవిడ గ్రీజు చేతులు తుడుచుకుంటూ, "ఎలాంటి దారండీ?" అని అడిగింది.

"అన్ని రకాలూ ఉన్నాయమ్మా. శిఖరం దాకా కంకర ఎక్కుడు. అటు దిగితే వేర్లు, రాళ్ల మెట్లు. కింద బురద, చెక్క వంతెన. మళ్లీ జలాశయం దాకా ఎక్కుడే."

"అయితే మరీ ఎక్కువ కుంగేది వద్దు, ఎక్కేటప్పుడు కాళ్లు లాగేస్తాయి. మరీ తక్కువ కుంగేదీ వద్దు, దిగేటప్పుడు నడుము విరుగుతుంది. మీకు నడిమిరకమే సరి. ఇంతకంటే ఖరీదైనవి పందేలకు వెళ్లేవాళ్లకి." ఆవిడ పచ్చది ఒకటి, బూడిదరంగుది ఒకటి బయటికి తెచ్చింది. "ఆ సంచి భుజాన వేసుకునే ఎక్కండి. మీ బరువును బట్టి వెనక షాక్‌లో గాలి కొట్టాలి."

మేస్త్రీ పచ్చదాని మీద కూర్చున్నాడు. వెనుక షాక్ మెత్తగా కుంగింది. ఆయన వెంటనే దిగి, బావమరిదిని ఎక్కి కూర్చొని ఊగమన్నాడు. తాను మోకాలిమీద వంగి, కడ్డీ మొనను షాక్‌కు ఆనించి, గిన్నెను చెవికి పెట్టుకున్నాడు.

"బావా, పెళ్లిచూపులప్పుడు మా అక్కక్కూడా ఇలాగే కడ్డీ పెట్టి విన్నావా?"

"విని ఉంటే నీలాంటి బావమరిది వచ్చేవాడట్రా? ఊగు, మాట్లాడకు." మేస్త్రీ తల ఎత్తాడు. "అమ్మా, ఇది కారుతోంది."

"కారడం కాదండీ. లోపల సన్న రంధ్రంలోంచి నూనె అటూ ఇటూ పోతుంది. ఆ చప్పుడు."

"బుస్సుమంటోందమ్మా."

"అనాలండీ. అనకపోతేనే అనుమానం."

అమ్మేవారు తమ సరుకును తామే తప్పుపట్టరు గదా అని మేస్త్రీ మనసులో అనుకున్నాడు. బూడిదరంగు సైకిలుకూ కడ్డీ పెట్టాడు. అదీ బుస్సుమన్నది. అయితే దాని షాక్‌పక్కన చిన్న మీట ఒకటి ఉన్నది. ఆయన దానిని తిప్పాడు. చప్పుడు ఆగిపోయింది. ఆయన ముఖం తేటపడింది.

"అది బాగా ఎక్కుడున్నప్పుడు మూసుకోడానికండీ. మిగతా దారిలో తెరిచి ఉంచాలి, మరిచిపోకండి," అన్నది ఆవిడ.

"అలాగేనమ్మా," అన్నాడు మేస్త్రీ. బూడిదరంగు సైకిలును పరీక్షకు తీసుకున్నాడు. మీటను మాత్రం మూసే ఉంచాడు. కారుతున్నదని చెవికి తెలిసిన తరువాత వాల్వు తెరిచిపెట్టడం ఆయన జన్మలో చేసిన పని కాదు.

మర్నాడు పొద్దున్నే లైనుకు బయలుదేరాడు. శిఖరం దాకా కంకర ఎక్కుడు. చిన్న గేరులో వేసుకుని, బిగుసుకున్న సైకిలు మీద ఆయాసపడుతూనైనా ఎక్కేశాడు. నా చెవి ఎన్నడైనా అబద్ధం చెప్పిందా అని లోలోపల మురిసిపోయాడు.

ఆ మురిపెం రాళ్ల మెట్ల దాకానే. అక్కడి నుంచి ఒక్కొక్క రాయీ వెన్నుపూసను పేరుపెట్టి పిలిచింది. వేర్ల మీద పళ్లు టకటకమన్నాయి. వంతెన చెక్కలు దాటేసరికి చేతులు తిమ్మిరెక్కి, వేళ్లు తనవో పరాయివో తెలియలేదు. వంతెన పక్కనున్న వాల్వు దగ్గర దిగి కడ్డీ పెట్టాడు. చెయ్యి వణికింది, కడ్డీ గిలగిలలాడింది. చెవిలో వినబడినది గొట్టం కాదు, తన ఒంటి గగ్గోలు. కూర్చుని, చేతులు పిసుక్కుని, మళ్లీ పెట్టాడు. మళ్లీ అదే గగ్గోలు. నడిచి వచ్చిన రోజున మోకాళ్లు ఏడ్చినా చెవి పనిచేసేది. ఈ రోజు అదీ పోయింది.

ఇక జలాశయం దాకా వెళ్లలేదు. సైకిలును నెట్టుకుంటూ వెనక్కి శిఖరం ఎక్కడానికి మధ్యాహ్నమంతా పట్టింది. మూడు అడుగులకొకసారి ఆగాడు. పంపుహౌసులోని కుర్చీ ఎలా ఉంటుందో, దానికి చేతులు ఉంటాయో ఉండవో కూడా ఆలోచించాడు. ఉంటే బాగుండునని ఒక్క క్షణం అనిపించి, సిగ్గుపడ్డాడు.

శిఖరం మీద సిమెంటు దిమ్మె ఉన్నది. దానిలో గాలి వాల్వు ఉంటుంది. గొట్టంలో చేరిన గాలి ఎత్తైన చోటికి వచ్చి, ఆ వాల్వులోంచి బయటికి పోతుంది. పోకపోతే గొట్టం పగులుతుంది. మేస్త్రీ ఆ దిమ్మెకు చేరగిలబడి కళ్లు మూసుకున్నాడు. సాయంత్రం ఊరికి ఎక్కువ నీరు వదిలే వేళ అయింది. వీపు వెనుక వాల్వు గట్టిగా బుసకొట్టింది.

"ఆఁ, బాగానే ఉంది," అని అలవాటు ప్రకారం పైకే అన్నాడు.

అని, కళ్లు తెరిచాడు. ఎదుట సైకిలు రాయికి ఆనుకుని ఉన్నది. ఆయన దానివంక చాలాసేపు చూశాడు. బుసకొట్టకపోతే కీడు అని తాను ఇన్నేళ్లుగా ఎరిగిన వాల్వు కొండమొత్తం మీద ఇదొక్కటే. ఇన్నేళ్లు దానికి వీపు ఆనించి కూర్చున్న మనిషై ఉండి కూడా షాపు ఆవిడ మాటను నమ్మలేదు.

లేచి మీట తెరిచాడు. పరీక్ష చేయాలంటే మళ్లీ రాళ్ల మెట్లు దిగాలి. దిగితే మళ్లీ నెట్టుకుంటూ ఎక్కాలి. తనను తాను తిట్టుకుంటూనే దిగాడు. వెనుక బుస్సు, బుస్సు. ప్రతి బుసకూ చెయ్యి మీట వైపు లాగింది. రాళ్లు తగులుతూనే ఉన్నాయి గాని, దెబ్బలుగా కాక తోపులుగా తగిలాయి. మెట్ల కిందనున్న వాల్వు దగ్గర దిగి కడ్డీ పెట్టాడు. చెయ్యి కుదురుగా ఉన్నది. గొట్టంలో నీరు నిమ్మళంగా పోతున్న అలికిడి మాత్రమే వినబడింది.

ఇంటికి చేరేసరికి భార్య వేడినీళ్లు సిద్ధంగా ఉంచింది. బావమరిది అరుగు మీద కాళ్లూపుతూ ఉన్నాడు.

"ఏం బావా, పంపుహౌసా, సైకిలా?"

"ఆయన్ని కాసేపు ఊపిరి పీల్చుకోనివ్వరా," అన్నది భార్య. ఆమె మొగుణ్ణి ఎరిగినంతగా ఆయన గొట్టాన్ని కూడా ఎరగడు. "ఏమయ్యా, కారుతోందా ఆ బండి?"

"కారడం లేదే. నేనే పొరపడ్డాను," అని ఆయన మోకాళ్లను నీళ్లలో పెట్టాడు. అంతకంటే వివరంగా చెప్పే ఓపిక ఆయనలో మిగలలేదు.

మరునాడు షాపుకు బూడిదరంగు సైకిలును నెట్టుకుంటూ వెళ్లాడు.

"మీట తెరిచే తొక్కారా?" అని ఆవిడ అడిగింది.

"చివర్లో తెరిచానమ్మా. బాగుంది. కానీ నాకు ఆ పచ్చదివ్వండి."

"అదేంటండీ! దానికి మీట లేదుగా. ఎక్కుడులో కాస్త ఊగుతుంది."

"ఎక్కుడులో కావాలంటే దిగి నెట్టుకుంటానమ్మా. మూసే వీలు కనబడితే మాత్రం నా చెయ్యి ఊరుకోదు. ఒకరోజు కాకపోతే ఒకరోజు మూసేస్తాను."

ఆవిడ నవ్వబోయి, ఆయన ముఖం చూసి మానేసింది. పచ్చదానిని తెచ్చి, "సంచి వేసుకుని కూర్చోండి," అని గాలి పంపు అందుకున్నది.

లైను పూర్తిగా తిరగగలనని ఇంజనీరు గారికి ఆ సాయంత్రమే కబురు వెళ్లింది. సోమవారం నాడు మేస్త్రీ శిఖరం దాటి, రాళ్ల మెట్లు దిగి, వంతెన పక్కనున్న వాల్వు దగ్గర ఆగాడు. దిగినప్పుడు సైకిలు చివరిసారి బుస్సుమని, ఊరుకున్నది. ఆయన అది పూర్తిగా ఆగేవరకు వేచి ఉండి, కడ్డీని ఇనుముకు ఆనించాడు. గొట్టం నోరు మెదపలేదు. మోకాలి మీద చెయ్యి వేసుకుని నెమ్మదిగా లేచాడు. జలాశయం దాకా ఇంకా చాలా వాల్వులు ఉన్నాయి.