సారలమ్మ తెప్పించుకున్న ఆటలు

గోదావరిఖనిలో మొదటి షిఫ్టుకు బొగ్గు బావిలోకి దిగేవాళ్లు పొద్దున్నే చూసే ముఖం సారలమ్మది. ల్యాంపు రూము కిటికీ వెనక నిలబడి, వాళ్ల నంబరు బిళ్ల తీసుకుని, టోపీకి తగిలించుకునే లైటు చేతికిచ్చేది. భర్త జబ్బు చేసి పోయాక కంపెనీ ఇచ్చిన ఉద్యోగం. ఇచ్చిన ప్రతి లైటూ తిరిగొచ్చి చార్జింగు మీద కూర్చునేదాకా ఆమె మనసు మనసులో ఉండేది కాదు. సారలమ్మకు మాట తక్కువ, నవ్వు ఇంకా తక్కువ అని బావి మీద చెప్పుకునేవాళ్లు. డ్యూటీ దిగి ఇంటికెళ్లి ఆమె ఏం చేస్తుందో మాత్రం వాళ్లలో ఎవరికీ తెలియదు.

ఇంటికెళ్లి ఆమె వీడియో గేములు ఆడేది.

మొదట ఆ మిషను కొన్నది కూతురు హర్షిణి కోసం. ఐదో తరగతిలో ఫస్టొచ్చిందని లక్ష్మీనగర్‌లో ఒక దుకాణం నుంచి తెచ్చింది. టీవీకి తగిలించుకోవాలి, పైన క్యాసెట్టు గుచ్చాలి, చేతిలో రెండు రిమోట్లు. హర్షిణి నెల తిరక్కుండానే దాన్ని వదిలేసి తాడాట మీద పడింది. ఒక మధ్యాహ్నం దుమ్ము తుడుస్తూ సారలమ్మ స్విచ్చి వేసి చూసింది. బొమ్మ మనిషి గుంతలో పడి చచ్చాడు. అయ్యో అనుకుని మళ్లీ వేసింది. పొయ్యి మీద పప్పు మాడిపోయిన వాసనకు గానీ లేవలేదు.

దుకాణంలో దొరికే క్యాసెట్ల మీద వందల ఆటలని రాసి ఉండేది గానీ, లోపల ఉన్నవి నాలుగే, పేర్లు మార్చి మళ్లీ మళ్లీ వచ్చేవి. అవన్నీ సారలమ్మ ఆడేసింది. పిల్లల పత్రిక వెనక అట్ట మీద ఢిల్లీ కంపెనీ ప్రకటన కంటపడింది అప్పుడే. రంగురంగుల క్యాసెట్లు, కార్డు రాస్తే చాలు, వీపీపీలో పంపుతారట, పోస్ట్‌మ్యాన్‌కు డబ్బు కట్టి తీసుకోవాలట. హర్షిణి చేత ఇంగ్లీషులో కార్డు రాయించింది. మంటల కోట బొమ్మ ఉన్న క్యాసెట్టు కావాలంది.

ఆ తర్వాత ఎదురుచూపు. పోస్ట్‌మ్యాన్ ఎల్లేశం సైకిలు బెల్లు వినిపిస్తే చేతిలో పని వదిలి గుమ్మంలోకి వచ్చేది. ప్రకటన కాగితాన్ని మడిచి బియ్యం డబ్బా మీద పెట్టుకుని, ఆ చిన్న బొమ్మలో కోటకు తలుపు ఎటుందో, నీళ్లెటున్నాయో చూసి చూసి, ఆట రాకముందే సగం ఆట మనసులో ఆడేసుకుంది.

వర్షాలు పట్టాయి. కార్డు రాసి నెల దాటింది. ఉండబట్టలేక ఎల్లేశాన్ని అడిగితే ఆయన తెల్లబోయాడు. పార్సిలు ఎప్పుడో ఇచ్చేశాడట. తడిసి పేరు చెదిరిపోయింది, క్వార్టరు నంబరొక్కటే కనిపించింది. అదే నంబరు పక్క లైనులోనూ ఉంది, సర్వేయరు బాబూరావుగారి ఇల్లు. ఆ ఇంట్లో అమ్మగారు డబ్బు కట్టి తీసుకుందన్నాడు.

బాబూరావుగారిది భీమవరం వైపు. ఆయన భార్య చంద్రమతి బజారులో ఎదురుపడితే పలకరింపుగా తల ఊపేది, అంతకుమించి పరిచయం లేదు. సారలమ్మ ఏమని అడగాలో దారి పొడుగునా కూడబలుక్కుంటూ వెళ్లి తలుపు కొట్టింది. తలుపు తీసిన చంద్రమతి చేతిలో వీడియో గేము రిమోటు ఉంది. తీగ సాగినంత మేర సాగి, వెనక టీవీ బల్ల మీద నుంచి మిషను జారబోతోంది.

చంద్రమతి మొహం కందగడ్డ అయింది. తను పోస్టులో మిక్సీ జారు తెప్పించుకుంటున్నాననీ, అదే వచ్చిందనుకున్నాననీ, విప్పి చూస్తే ఇది ఉందనీ, కొడుకు పృథ్వీరాజ్ హాస్టలుకు పోతూ వదిలేసిన మిషను ఉంటే ఒక్కసారి చూద్దామని పెట్టాననీ గుక్క తిప్పుకోకుండా చెప్పుకుపోయింది. సారలమ్మ చూపు మాత్రం టీవీ మీదే ఉంది. కోట, మంటలు, నీళ్లు, తను అనుకున్నదానికంటే బాగున్నాయి.

"లోపలికి రండి," అంది చంద్రమతి చివరికి. "నాలుగు రోజులుగా ఆ రెండో మంట దగ్గరే చచ్చిపోతున్నాను. ఎలా దూకాలో మీకేమైనా తెలుసాండీ?"

"జర ఆగి దుంకాలె కావచ్చు. ఇటియ్యి అక్క, చూస్త," అంది సారలమ్మ.

డబ్బు సంగతి, క్యాసెట్టు ఎవరిదన్న సంగతి ఆ రోజు ఇద్దరికీ గుర్తు రాలేదు.

అప్పటినుంచి ఢిల్లీ కార్డులన్నీ ఇద్దరూ కలిసే రాయించారు. పార్సిలు ఏ ఇంటికొచ్చినా రెండో మనిషి వచ్చేదాకా విప్పకూడదని మాట. ఒకసారి కంపెనీవాళ్లు పైన కారు బొమ్మ పెట్టి లోపల పాత ఆటే పంపితే, చంద్రమతి కోపంగా ఉత్తరం రాయించి తిప్పి పంపింది. సారలమ్మ డ్యూటీ దిగి, స్నానం చేసి, టిఫిను డబ్బాలో సర్వపిండి పెట్టుకుని పక్క లైనుకు వెళ్లేది. చంద్రమతికి దూకడం వచ్చు, ఓపిక లేదు. సారలమ్మకు ఓపికే ఉంది. ఇంట్లో ఎవరితోనూ అనని మాటలు ఇద్దరూ తెర మీది బొమ్మలను చూస్తూ అనుకున్నారు. భర్త ఆఖరి రోజుల్లో దవాఖానలో తన చెయ్యి వదల్లేదని సారలమ్మ చెప్పింది అలాగే, తెర మీద ఒక వంతెన దాటుతూ. చంద్రమతి ఆట ఆపలేదు. తన బొమ్మను మాత్రం సారలమ్మ బొమ్మ పక్కకు తెచ్చి నిలబెట్టింది.

ఏళ్లు గడిచాయి. ఢిల్లీ కంపెనీ జవాబివ్వడం మానేసింది. బజారులో అలాంటి క్యాసెట్లు అడిగితే కుర్రవాళ్లు వింతగా చూడసాగారు. ఉన్నవాటినే మెత్తటి గుడ్డతో తుడిచి, గుచ్చి, పనిచెయ్యకపోతే ఇంకోసారి తుడిచి ఆడుకున్నారు.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె వచ్చినప్పుడు బావులన్నీ ఆగాయి. సారలమ్మ రోజూ దీక్షా శిబిరంలో కూర్చునేది, నినాదాలకు గొంతు కలిపేది. ఆంధ్రా నుంచి వచ్చిన బాబూరావుగారింటి కిటికీలు మూసే ఉండేవి. ఎవరూ వాళ్లను ఒక్క మాట అనలేదు. కానీ పాలవాడు కూడా ముందులా నిలబడి కబుర్లు చెప్పడం లేదని చంద్రమతికి అనిపించేది. సారలమ్మ ఇక రాదని ఆమె దాదాపు నిర్ణయించుకుంది.

సారలమ్మ ఒక సాయంత్రం శిబిరం నుంచి నేరుగా వచ్చింది. గొంతు బొంగురుపోయి ఉంది. చంద్రమతి మంచినీళ్లిచ్చి, వచ్చినందుకు ఎవరైనా ఏమన్నా అంటారేమోనంది.

"తెలంగాణ రావాలె అక్క, అది నేను నీ మొఖం మీదనే చెప్త," అంది సారలమ్మ. "మీరు పోవాలె అని నేనెన్నడన్న అన్ననా?"

చంద్రమతి తల అడ్డంగా ఊపి, రెండో రిమోటు తెచ్చి ఆమె ఒళ్లో పెట్టింది. ఆ రోజు ఇద్దరూ చాలా చెత్తగా ఆడారు.

హర్షిణి హైదరాబాదులో ఉద్యోగంలో చేరాక ఒక కంప్యూటరు తెచ్చి, ఫోను తీగకు నెట్టు పెట్టించింది. కొత్త ఆట కొనిస్తానంది. ఎన్నాళ్లకొస్తదని సారలమ్మ అడిగితే, ఇప్పుడే వస్తదమ్మా అని నవ్వింది. వచ్చేది పార్సిలు కాదు, తెర మీద ఒక పచ్చ గీత. గీత నత్తలా నడిచింది. రెండుసార్లు కరెంటు పోయింది. పాలు పొంగుతాయేమో అన్నట్టు సారలమ్మ దాని ముందునుంచి లేవలేదు. గీత నిండాక చేతిలో పట్టుకోవడానికి ఏమీ లేదు. కొన్నట్టే అనిపించలేదామెకు.

ఆట మాత్రం బాగుంది. వరదలో ఒక పడవ. ఒకరు తెడ్డు వెయ్యాలి, ఇంకొకరు చుక్కాని పట్టాలి. ఒక్కరే ఆడితే రెండో పని మిషను చూసుకుంటుంది, అదీ అంతంత మాత్రంగా.

"దీన్ని అక్కకు ఎట్లియ్యాలె?" అని అడిగింది సారలమ్మ. ఇవ్వడం కుదరదనీ, అది అమ్మ పేరు మీదే ఉంటుందనీ, ఆంటీ వేరే కొనుక్కోవాలనీ హర్షిణి చెప్పింది.

"పైసలు పెట్టి కొన్నం. ఇయ్యనీకి లేకపోతే అది మనదెట్లయితది బిడ్డా?"

సారలమ్మ వెళ్లి చంద్రమతినే పిలుచుకొచ్చింది. ఇద్దరూ ఒక్క కీబోర్డు మీద మోచేతులు తగిలించుకుంటూ పడవ నడిపారు.

బాబూరావుగారు రిటైరైంది రాష్ట్రం రావడానికి కాస్త ముందు. సామాను లారీకెక్కిస్తుంటే చంద్రమతి క్యాసెట్లన్నీ సంచిలో వేసి తెచ్చింది. తన మిషను ఎప్పుడో పాడైందని చెప్పి, నీదింకా నడుస్తోంది గదా, నీ దగ్గరే ఉండనీ అంది. సారలమ్మ సంచి అందుకుంది. ఎన్నో ఏళ్ల తర్వాత ఆ వేళ సారలమ్మ డ్యూటీకి ఆలస్యంగా వెళ్లింది.

ఆవిర్భావ సంబరాల టపాకాయలు సద్దుమణిగిన కొద్ది వారాలకు భీమవరం నుంచి ఫోనొచ్చింది. పృథ్వీరాజ్ ఆ పడవ ఆట తన కంప్యూటర్లో కొనిపెట్టాడట. అక్కడొకరు, ఇక్కడొకరు ఉండి ఒకే పడవ నడపొచ్చట. సారలమ్మ నమ్మలేదు. హర్షిణి ఫోనులో చెప్పినట్టల్లా నొక్కి, మళ్లీ భీమవరానికి ఫోను కలిపింది. తెర మీద తన పడవలోకి ఇంకో బొమ్మ వచ్చి కూర్చుంది. స్పీకరు పెట్టిన ఫోనులోంచి చంద్రమతి దగ్గు వినిపించింది.

"సారలమ్మా, అక్కడ వానలున్నాయా?"

"లేవక్క, ఎండలే మండుతున్నయి. ముందల బండరాయి ఉన్నది, ఎడమకు తిప్పు."

చంద్రమతి కుడికి తిప్పింది. పడవ రాయికి కొట్టుకుంది. ఇద్దరూ ఒకరినొకరు తిట్టుకున్నారు. ఈ గోల విని పక్కింటి లింగవ్వ గోడ మీద నుంచి తొంగి చూసి, ఎవరితో పంచాయితీ అని అడిగింది. అక్కతోని అంది సారలమ్మ, తల తిప్పకుండా.

నది మధ్యలో ఉండగా చంద్రమతి బొమ్మ కదలకుండా ఆగిపోయింది. అక్కడ కరెంటు పోయిందట, ఎప్పుడొస్తుందో తెలియదట. ఒక్కదానివే ఒడ్డుకు చేర్చేయమని ఫోనులో చెప్పింది. సారలమ్మ సరేనని ఫోను పెట్టేసి, తెడ్డు ముట్టుకోలేదు. వంటింట్లోకి వెళ్లి బియ్యం కడిగి పెట్టి, తలుపులోంచి ఆ పడవ కనిపించేలా పీట జరుపుకుని కూర్చుని, చిక్కుడుకాయలు వలవసాగింది.