ఇనుము కనిపిస్తే నూనె

మా ధర్మవరం చుట్టుపక్కల మట్టిదారుల్లో గేరు సైకిల్ తొక్కేవాడికి బెంగళూరు వాళ్ల వీడియోలు పనికిరావు. వాళ్ల దారుల్లో బురద ఉంటుంది, మా దారుల్లో పల్లేరు కాయలుంటాయి. పదేళ్లుగా తొక్కుతున్నాను కాబట్టి నాకు అభిప్రాయాలకు కొదవ లేదు. వెనక చక్రానికి కూడా షాకబ్జార్బరు ఉన్న సైకిల్, కొండ ఎక్కేటప్పుడు మన బలం సగం తనే తాగేస్తుందంటాను. బటన్ నొక్కితే సీటు కిందికి దిగే కడ్డీ సోమరులకంటాను. బ్యాటరీ సైకిల్ సంగతి నన్నడగకండి, అది సైకిలే కాదు. ట్యూబు లేని టైరు ఒక్కదాన్నే ఒప్పుకున్నాను. అది కూడా, లోపల పోసే తెల్లటి జిగురు మా ఎండలకు ఉండకట్టుకుపోతుందని గొణుక్కుంటూనే. అభిప్రాయాలుండటం తప్పు కాదు. కానీ వాటిలో ఒకదాని పరువు కోసం నేను నోరు మూసుకున్న రోజున మా బామ్మర్ది చావు అంచుదాకా పోయి వచ్చాడు.

మాది మగ్గాల ఇల్లు. వెనక నాలుగు పట్టు మగ్గాలు, ముందు గదిలో చీరల అంగడి. బామ్మర్ది, అంటే నా భార్య తమ్ముడు, రెండు వీధుల అవతల ఉంటాడు. చీరల అంచులకు కంప్యూటర్లో డిజైన్లు గీస్తాడు. ముప్పై దాటినవాడు, ఇద్దరు బిడ్డల తండ్రి. అతనికి సైకిల్ పిచ్చి అంటించింది నేనే. అంటించిన పాపానికి, రెండేళ్లు తిరక్కముందే నాకంటే మంచి సైకిల్ కొన్నాడు.

మా ఇద్దరికీ తగాదా అంతా బ్రేకుల దగ్గరే. నా పాత సైకిల్‌కు రబ్బరు కట్టెలు చక్రం అంచును పట్టుకుని ఆపుతాయి. అతని దానికి చక్రం మధ్యలో పల్చటి ఉక్కు పళ్లెం, దాన్నే డిస్కు అంటారు. లీవరు నొక్కితే గొట్టంలో ద్రవం తోసుకెళ్లి రెండు చిన్న ప్యాడ్లు ఆ పళ్లాన్ని బిగించి పట్టుకుంటాయి.

"ఏమప్పా, ఇది సైకిలా, కారా? కొండమీద చెడిపోతే బాగుచేసేవాడు యాడుండాడు?" అన్నాను మొదటిరోజే.

"ఒక్క వేలు పెడితే నిలబడతాది బావా. నీది రెండు చేతులతో పిసికినా నిలబడదు."

"నిలబెట్టేది నేర్చుకోవల్ల. కొనేది కాదు."

ఆ మాట నాకు ఎంత నచ్చిందంటే, టీ అంగడి దగ్గర సైకిళ్లవాళ్లు నలుగురు చేరితే చాలు, ఏదో ఒక వంకతో మళ్లీ అనేవాణ్ణి. అతను నవ్వి ఊరుకునేవాడు.

ఆయుధ పూజ నాడు మా ఇంట్లో మగ్గాలు ఆడవు. పొద్దున్నే అన్నీ దులిపి, అడ్డపోగు తోసే నాడెలు కడిగి ఆరబెట్టి, చీర అంచు డిజైనుకు పోగులెత్తే జకార్డు పెట్టెల ఇనుప ముక్కలన్నిటికీ నూనె గుడ్డ వేస్తాం. మా నాయన నాకు నేర్పిన మొదటి పని అది. ఇనుము కనిపిస్తే నూనె పెట్టాలి, లేకపోతే తుప్పు, తుప్పు పడితే పట్టుపోగు తెగుతుంది. ఎనిమిదేళ్ల వయసు నుంచీ చేస్తున్నదే, చెయ్యి దానంతటదే పోతుంది. కత్తెర, తూకం రాళ్లు, మోటారు సైకిల్, అన్నీ మగ్గాల పక్కన వరసగా నిలబెడతాం. ఆ ఏడు బామ్మర్ది కూడా ముందురోజే తన సైకిల్ తెచ్చి పెట్టి పోయాడు. మా ఇంటి పూజలో పెడితే దానికీ మంచిదని.

కడిగాను. గొలుసుకు నూనె వేశాను. తర్వాత చక్రాల మధ్యలో ఆ ఉక్కు పళ్లేలు తళతళలాడుతూ కనిపించాయి, తడి ఇంకా ఆరలేదు. తుప్పు పట్టదా మరి? జకార్డుకు వేసిన గుడ్డతోనే రెండు డిస్కులనూ రెండువైపులా తుడిచి మెరిపించాను. ఎంతో ప్రేమగా చేశాను. కుంకుమ బొట్టు పెట్టి, నిమ్మకాయలు చక్రాల కింద పెట్టి తొక్కించాను. బ్రేకు అనేది రాపిడితో ఆపుతుందని నాకు తెలియక కాదు. ఆ పూట నా చేతికి అది బ్రేకులా కనిపించలేదు, ఇనుములా కనిపించింది.

మరుసటి రోజు తెల్లవారగానే ఇద్దరం బత్తలపల్లి దారి పట్టాం. అక్కడినుంచి పక్కకు తిరిగితే గాలిమరల కొండ. ఆ పెద్ద రెక్కలు పైకి చేర్చడానికి కొండ చుట్టూ వెడల్పాటి కంకర దారి వేశారు. అంచున గోడ లేదు, కంచే లేదు. శెనక్కాయ చేలు దాటుతుండగా బామ్మర్ది ఒకసారి బ్రేకు నొక్కి చూశాడు. కీచుమంది.

"బావా, ఏందో కూస్తాండాది. సరిగ్గా పట్టడం కూడా లేదు."

"నిన్న కడిగినాం కదప్పా. తడి ఉంటాది. పైకెక్కేలోగా ఆరిపోతాదిలే," అన్నాను. పెద్ద తెలిసినవాడిలా అన్నాను. ఎక్కేటప్పుడు బ్రేకు అవసరం రాదు కాబట్టి ఆ మాట అక్కడికి సరిపోయింది.

పైన గాలిమర దగ్గర బండ మీద కూర్చుని నీళ్లు తాగాం. అతని సైకిల్ నా కాళ్ల దగ్గర పడుకోబెట్టి ఉంది. ముందు డిస్కు మీద ఎర్రటి దుమ్ము పొరలా అంటుకుని ఉండటం చూశాను. పొడి ఉక్కుకు దుమ్ము అలా అంటుకోదు. వేలు పెట్టి చూశాను. జిడ్డు. అప్పుడు గుర్తొచ్చింది, గుడ్డ, జకార్డు, నా చెయ్యి. వేలు ప్యాంటుకు తుడుచుకున్నాను.

చెప్పడానికి ఒక్క మాట చాలు. కానీ ఆ మాట వెనక రాబోయేవన్నీ ముందే వినిపించాయి. బ్రేకుల మీద ఇన్నాళ్లూ ఉపన్యాసాలిచ్చిన పెద్దమనిషి డిస్కుకు మగ్గం నూనె పూశాడంట అని టీ అంగడంతా నవ్వుతుంది. రెండు నొక్కులకు నూనె అరిగిపోతుందిలే అని నాకు నేనే చెప్పుకున్నాను. అప్పటికే అతను హెల్మెట్ పట్టీ బిగిస్తున్నాడు.

"మెల్లగా పోదాం," అన్నాను. అంతే అన్నాను.

"నీ బ్రేకులకు మెల్లగా బావా. నా వాటికెందుకు?" అని నవ్వుతూ దిగాడు.

మొదటి మలుపు బాగానే తిరిగాడు. రెండో మలుపుకు ముందు దారి నిట్టనిలువుగా పడుతుంది. కీచుమన్న శబ్దం ఒకటి పొడుగ్గా వినిపించింది, సైకిల్ మాత్రం ఆగలేదు. అతని రెండు మోచేతులూ బిగుసుకుపోవడం వెనకనుంచి కనిపించింది.

"బావా, పట్టడం లేదు! బావా!"

"కాళ్లు దించు! కొండవైపు తిప్పు!" అని అరిచాను. నా రబ్బరు బ్రేకులు పిసుకుతున్నాను. ఎడమపక్క లోయ. అతను ఒక కాలు కంకరలో ఈడ్చాడు, సైకిల్ అడ్డంగా ఊగింది, అంచుదాకా పోయి మళ్లీ ఇటు వచ్చింది. మలుపు దగ్గర దారి మరమ్మతుకు పోసిన కంకర కుప్ప ఒకటి ఉంది. నేరుగా దానిలోకి తిప్పాడు. సైకిల్ అక్కడే దిగబడిపోయింది, మనిషి ఎగిరి అవతల బండ మీద పడ్డాడు.

నేను చేరేసరికి కదలడం లేదు. హెల్మెట్ రెండుగా చీలి ఉంది. ఆ కాసేపట్లో నేను దేవుడికి ఎన్ని మొక్కుకున్నానో గుర్తులేదు. అన్నీ చెప్పేస్తాను, అందరి ముందూ చెప్పేస్తాను అన్నది మాత్రం గుర్తుంది. అప్పుడు మూలిగాడు.

ఆస్పత్రిలో భుజం దగ్గర కాలర్ ఎముక విరిగిందని చెయ్యి కదలకుండా కట్టు కట్టారు. తలకు ఏమీ కాలేదు. మంచం మీద కట్టుతో పడుకుని అతనే అన్నాడు, "నువ్వు చెప్పిందే నిజం బావా. మన కొండలకు ఈ బ్రేకులు పనికిరావు."

నా భార్య కళ్లు తుడుచుకుంటూ తమ్ముణ్ణి కసిరింది. "మీ బావ మొదటినుంచీ చెప్తానే ఉండాడు. నువ్వు విన్యావా?"

దేవుడికిచ్చిన మాట అక్కడే తప్పాను. తల వంచుకుని నిలబడ్డాను, వాళ్లు దాన్ని బాధ అనుకున్నారు. టీ అంగడి దగ్గరైతే ఇంకా ఘోరం. ఇన్నాళ్లూ నా మాట నవ్వులాటగా తీసుకున్నవాళ్లు ఇప్పుడు బుద్ధిగా వింటున్నారు. ఒకాయన కొనబోతున్న డిస్కు సైకిల్ మానుకుని రబ్బరు బ్రేకులది కొన్నాడు. గెలిచాను. టీ సగంలోనే వదిలేసి ఇంటికి వచ్చేసేవాణ్ణి.

మూడు వారాల తర్వాత బామ్మర్ది ఫోన్ చేశాడు. గోరంట్ల నుంచి ఒకాయన సైకిల్ చూడ్డానికి వస్తున్నాడట, అమ్మేస్తాడట. "నువ్వూ రా బావా. బ్రేకుల సంగతి దాచకుండా చెప్పల్ల కదా, నువ్వైతే బాగా చెప్తావు."

పోయాను. గోరంట్ల ఆయన ఇంకా రాలేదు. సైకిల్ వసారాలో గోడకు ఆనించి ఉంది, కంకర దుమ్ము అలాగే ఉంది. కూర్చోమన్నా కూర్చోలేకపోయాను.

"అమ్మొద్దు," అన్నాను. "బ్రేకు తప్పు కాదు. ఆయుధ పూజ నాడు మగ్గం గుడ్డతో డిస్కులకు నేనే నూనె పూసినా. పైన బండ దగ్గర తెలిసింది నాకు. తెలిసి కూడా చెప్పలేదు. సిగ్గేసింది."

అరుస్తాడనుకున్నాను. కొట్టినా పడేవాణ్ణి. అతను కట్టులో ఉన్న చేతివైపు చూసుకున్నాడు.

"నువ్వు డిస్కు మీద వేలు పెట్టి ప్యాంటుకు తుడుచుకునేది నేను చూసినా బావా," అన్నాడు. "ఏమన్నా ఉంటే మా బావ చెప్తాడులే అనుకుని దిగినా."

తర్వాత గోరంట్ల ఆయనకు ఫోన్ చేసి సైకిల్ అమ్మడం లేదని చెప్పేశాడు.

ఆ సాయంత్రమే టీ అంగడికి పోయి అందరికీ చెప్పాను. నవ్వారు, అనుకున్నంత కాదు. ప్యాడ్లు కొత్తవి తెప్పించి, డిస్కులు స్పిరిట్‌తో కడిగి, అతని చెయ్యి కుదురుకునేసరికి సిద్ధం చేసి పెట్టాను. ఒక్క వేలితో నిలబడుతుంది, ఆ మాట నిజమే.

ఇప్పుడు మళ్లీ ఇద్దరం పోతున్నాం, అదే కొండకు. నా అభిప్రాయాలు నాకున్నాయి, బ్యాటరీ సైకిల్ ఇప్పటికీ సైకిల్ కాదు. పైన నీళ్లు తాగి లేచాక, హెల్మెట్ పట్టీ బిగించుకుంటూ అతను ప్రతిసారీ ఒక మాట అడుగుతాడు.

"బావా, చెప్పేది ఏమన్నా ఉండాదా?"

నవ్వుతూనే అడుగుతాడు. కానీ నేను జవాబు చెప్పేదాకా పెడల్ మీద కాలు పెట్టడు.